బొద్దు చుక్కలు

పోయిన వారం చిన్నమేడంని ఎర్రరంగు పోసిన గాజుపళ్ళెం ముందు నిలబెట్టి మనం ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. ఆమె మాత్రం పాపం ఇంకా అక్కడే ఉంది. పక్కనే స్టూలు ఉన్నా కూర్చోవాలన్న ధ్యాస లేదు. పచ్చకామెర్లు వచ్చి తగ్గిన మనిషి. తెల్లకోటు ఒంటి మీద ఉందంటే ఉంది, అంతే. మంచం దిగి ల్యాబ్‌కి వచ్చిన మొదటి రోజే ఆమె కంట ఇది పడాలా అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆమె ఏం చూసిందో ఇంకొక్కసారి చెప్పుకుందాం. కొన్నేళ్ళ కిందట ఒక పేపరు మిల్లు వెనకాల కుళ్ళిపోతున్న కాగితపు గుట్టలోంచి ఆమె బ్యాక్టీరియాని తెచ్చి, దాని మీద అతినీలలోహిత దీపం వెలిగించింది. ఆ వెలుగుకి దాదాపు అన్నీ చచ్చాయి. చావకుండా మిగిలినవాటిలో ఒకదానికి స్వభావమే మారిపోయింది. కాగితానికీ గడ్డికీ కర్రకీ గట్టితనం ఇచ్చే పీచు పదార్థం ఉంటుందే, సెల్యులోజ్ అంటారు, దాన్ని కరిగించే ఎంజైమ్‌ని అది తన తల్లి కంటే ఎన్నో రెట్లు ఊరించడం మొదలుపెట్టింది. ల్యాబంతా దాన్ని ‘మొండిది’ అంటారు. సెల్యులోజ్ కలిపిన పళ్ళెంలో మొండిదాన్ని పెంచి ఎర్రరంగు పోసి కడిగితే, అది తిన్నంత మేరా రంగు నిలవదు. బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన ఒక్కో చుక్క చుట్టూ వెడల్పాటి తెల్లని వలయం తేలుతుంది. ఇవాళ ఆ వలయం లేదు. పళ్ళెం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎరుపే.

రేపు పొద్దున మొండిదాన్ని పెంచి క్యాన్లకెత్తిన ద్రవాన్నే మిల్లు పెద్ద ట్యాంకులో పోయాలి. చిత్తుకాగితాల గుజ్జు అందులో మెత్తబడిందా, ఈ విభాగం బతికినట్టు. మెత్తబడలేదా, తలుపులకి తాళం. విభాగాన్ని నడిపే పెద్దసారు ఈ మాటని డొంకతిరుగుడు లేకుండా ముందే చెప్పేశారు.

చిన్నమేడం ఇంకో పళ్ళెం తీసి మళ్ళీ రంగు పోసింది. అదీ ఎరుపే.

అప్పుడు వదిన వచ్చింది, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కుతో.

వదిన అంటే ఎవరో అనుకునేరు, చిన్నమేడం సొంత అన్నయ్య భార్యే. ఇదే ల్యాబ్‌లో అసిస్టెంటు. ఆ సంబంధం కుదిర్చింది కూడా చిన్నమేడమే. నీకు అసిస్టెంటు నచ్చితే నన్ను పెళ్ళి చేసుకోమన్నావేమిటే అని అన్నయ్య ఇప్పటికీ దెప్పుతుంటాడు. ఇంట్లో పెద్దరికం వదినది, ల్యాబ్‌లో చిన్నమేడంది. నలుగురిలో ఉన్నప్పుడు వదిన ‘మేడం, మీరు’ అంటుంది. గదిలో ఇద్దరే ఉంటే ‘నువ్వు’ అని చెవి మెలిపెట్టడానికి కూడా వెనకాడదు.

“ఇంకా నిలబడే ఉన్నావా? డాక్టరు ఏం చెప్పాడు, నువ్వేం చేస్తున్నావు?” అంటూ వదిన ఫ్లాస్కుని బల్ల మీద పెట్టబోయింది. బ్యాక్టీరియా ఉన్న బల్ల మీద తాగేవి పెట్టకూడదని గుర్తొచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది.

“వదినా, ఇటు రా. ఇది చూడు.”

వదిన వంగి చూసింది. “రంగు సరిగ్గా కడిగినట్టు లేవు.”

“రెండుసార్లు కడిగాను. ఉప్పునీళ్ళతోనే.”

“రంగు పాతదేమో.”

“ఇందాకే కొత్తది కలిపాను.”

వదిన పళ్ళెం అంచు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసి, మెల్లగా కింద పెట్టింది.

“నేను మంచాన పడ్డప్పటి నుంచీ దీన్ని ఎలా చూసుకున్నావో చెప్పు. మొదట్నుంచీ చెప్పు. కోప్పడనులే,” అంది చిన్నమేడం.

కోప్పడను అన్నవాళ్ళు ఎంతసేపు ఆ మాట మీద ఉంటారో మనకి తెలియనిది కాదు. అయితే ఆమెకి ఆ పూట కోపానికి సరిపడా ఓపిక కూడా లేదు, అది వేరే సంగతి.

“నువ్వు చేసినట్టే చేశాను,” అంది వదిన. “తీగ ఎర్రగా కాల్చాను, చల్లారనిచ్చాను, చుక్కకి అంటించి కొత్త పళ్ళెంలో గీశాను. ఏ వారమూ మానలేదు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ అన్నయ్యని నీ దగ్గర కూర్చోబెట్టి మరీ ఇటొచ్చి గీసి వెళ్ళాను.”

“ఏ చుక్కని?”

“ఏ చుక్కంటే?”

“పళ్ళెం నిండా బోలెడు చుక్కలుంటాయి కదా. వాటిలో దేన్ని తీసుకున్నావు?”

“మంచిదాన్నే తీసుకున్నాను. బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్నదాన్ని.”

చిన్నమేడం స్టూలు లాక్కుని కూర్చుంది.

“ముందు రంగు పోసి, వలయం చూసి తీసుకున్నావా?”

“రంగంటే ఇంకో పళ్ళెం, ఇంకో రోజు. ఎక్కడ కుదురుతుంది చెప్పు. పొద్దున ఆసుపత్రి, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం నీకు ఉప్పూకారం లేకుండా విడిగా వంట. కళ్ళతో చూసి తీశాను. నారు నాటేవాళ్ళు మాత్రం చిక్కిన మొక్కని ఏరుకుంటారా?”

“పళ్ళెంలో ఏం కలిపావు?”

“ఎప్పుడూ కలిపేవే.” వదిన పళ్ళెం మూత సరిచేసింది. “కొంచెం గ్లూకోజ్ వేశాను.”

“గ్లూకోజా?”

“మరీ నీరసంగా పెరుగుతున్నాయి అమ్మాయ్. చూస్తే ప్రాణం ఉసూరుమంది. గ్లూకోజ్ వేశానో లేదో, రెండో రోజుకల్లా తేరుకున్నాయి. మొహాలు ఎంత కళగా ఉన్నాయో, నువ్వు చూడాల్సింది.”

ఆమెని ఏమని అంటాం. నీరసంగా ఉన్నదేదైనా కంటబడితే వదిన చేతులు ఊరుకోవు. కళ్ళు పసుపుపచ్చగా మారి, ముద్ద మింగలేక గోడ వైపు తిరిగి పడుకున్న ఆడపడుచుని చెంచాడు చెంచాడు తాగించి మనిషిని చేసినవి కూడా ఆ చేతులే. చిన్నమేడంకి ఆ సంగతి గుర్తుంది కాబట్టే మాట తూలలేదు.

మొండిది నీరసంగా ఉండేది జబ్బు చేసి కాదు. తిన్నదంతా ఎంజైమ్ తయారీకే ఖర్చుపెట్టేసేది, ఇక ఒంటికేం పడుతుంది? దాని పిల్లల్లో అప్పుడప్పుడూ ఏదో ఒకటి ఆ చాకిరీ నా వల్ల కాదని మానేసి, తాతల నాటి స్వభావానికి తిరిగిపోతుంది. పని తగ్గినదానికి ఒళ్ళు చేస్తుంది. సెల్యులోజ్ తప్ప వేరే తిండి లేని పళ్ళెంలో అయితే అలాంటి సోమరిది ఆకలికి మాడి వెనకబడిపోతుంది. గ్లూకోజ్ తేరగా దొరికే చోట అదే అందరికంటే ముందు బొద్దుగా పైకొస్తుంది. వదిన ప్రతి వారమూ ఏరి ఏరి దాన్నే తీసుకుంది. కష్టపడేవి పాత పళ్ళెంలో చిక్కిపోయి ఉండిపోయాయి.

చిన్నమేడం ఈ సంగతంతా ఆగి ఆగి చెప్పింది. మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగింది. వదిన అడ్డు రాకుండా విని, చివరికి అడిగింది:

“అంటే, పనిచేసేవాటిని వదిలేసి కూర్చుని తినేవాటిని సాకానన్నమాట.”

“అంతే.”

“మీ అన్నయ్యని సాకిన అలవాటు.”

మామూలు రోజైతే ఈ మాటకి ఇద్దరూ కడుపుబ్బ నవ్వేవాళ్ళు. ఇవాళ వదినకే తన మాట చప్పగా తోచింది. పక్కకి తిరిగి కోటు చేత్తో ముక్కు తుడుచుకుంది.

“సరేలే, ఏడవకు,” అంది చిన్నమేడం. “ఫ్రీజర్‌లో అసలుది ఉంది కదా. ఆ మాట నేనే మర్చిపోయి బెంబేలెత్తిపోయాను. రెండు సీసాలు తీసి కరగబెట్టి మళ్ళీ పెంచుదాం. రేపటికి అందదు, నిజమే. వారం వాయిదా అడిగితే పెద్దసారు ఒప్పుకోకపోరు.”

నిజానికి ల్యాబుల్లో ఇలాంటి ఆపదలకే ఆ ఏర్పాటు ఉంటుంది. దొరికిన కొత్తలోనే మొండిదాన్ని వేలెడంత సీసాల్లో పోసి గడ్డకట్టించి పెట్టేస్తారు. అంత చలిలో అది పెరగదు, మారదు. బయట ఎన్ని తప్పులు జరిగినా లోపల అసలుది అసలులాగే ఉంటుంది.

చిన్నమేడం గోడ పట్టుకుని లేచింది. వరండా చివరిదాకా నడిచేసరికి ఆయాసం వచ్చింది. వదిన వెనకాలే వచ్చింది కానీ ఎప్పటిలా రెక్క పట్టుకోలేదు. అప్పుడైనా చిన్నమేడం అనుమానించి ఉండాల్సింది. ఫ్రీజర్ మూత ఎత్తగానే తెల్లటి పొగ మొహానికి కొట్టింది. మందపాటి తొడుగు వేసుకుని మొండిది ఉండే పెట్టెని పైకి తీసింది. లోపల సీసాలు ముచ్చటగా, వరసగా, ఒక్క మంచుపొర కూడా లేకుండా ఉన్నాయి. మీద అంటించిన చీటీలు కొత్తవి. గుండ్రటి చేతిరాత వదినది.

“పాత సీసాలేవి?”

వదిన నేల చూపులు చూసింది.

“వదినా, పాతవేవి?”

“పాతబడ్డాయి కదాని మార్చాను. చీటీలు ఊడిపోయి, మంచు పేరుకుని, చూడ్డానికి దిక్కుమాలినట్టున్నాయి. నువ్వు తిరిగొచ్చేసరికి అన్నీ సర్ది ఉంచుదామని... బాగా పెరిగినవి పోసి కొత్తగా పెట్టాను.”

“పాతవాటిని ఏం చేశావు?”

“బ్యాక్టీరియా చచ్చేలా ఉడకబెట్టి పారేశాను. రూలు ప్రకారమే.”

చిన్నమేడం పెట్టెని లోపల పెట్టి మూత వేసింది. దభీమని వేయలేదు, జాగ్రత్తగానే వేసింది. పక్కనే ఖాళీ అట్టపెట్టె ఒకటి ఉంటే దాని మీద కూలబడింది. అది కాస్త కుంగింది. ఆమె బరువు ఇప్పుడు అట్టపెట్టె మోయగలిగినంతే ఉంది.

ఒక మనిషి ఏళ్ళ తరబడి పడ్డ కష్టాన్ని ఎవరో దొంగిలిస్తేనో, తగలబడితేనో తిట్టుకోవడానికి ఒక దిక్కు ఉంటుంది. ప్రేమగా సర్దిపెట్టిన చేతుల్ని ఎలా తిట్టడం? చిన్నమేడం కళ్ళు మూసుకుని, ఫ్రీజర్ గురగుర వింటూ, జరిగినవన్నీ వరసలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. పనిలో చిక్కు వచ్చినప్పుడల్లా ఆమె చేసేది అదే. అలా పెట్టుకుంటూ పోతుంటే ఒక చోట వరస తెగింది.

“ముందుగా బకెట్లో పోసి చూడ్డానికని మిల్లుకి నమూనా సీసా ఎప్పుడు పంపావు?” అని అడిగింది, కళ్ళు తెరవకుండానే.

“నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారం.”

“ఫ్రీజర్ సర్దింది దానికి ముందా, తర్వాతా?”

“ముందే.”

“అంటే అప్పటికే ఇది పని మానేసి ఉండాలి.” చిన్నమేడం కళ్ళు తెరిచింది. “మరి వాళ్ళ బకెట్లో గుజ్జు ఎలా మెత్తబడింది? అంత బాగా పనిచేసిందని పెద్దసారు ఇంటికొచ్చి మరీ చెప్పారే. ఆ మాట మీదే కదా రేపు ట్యాంకు తెరుస్తున్నారు.”

వదిన తల వరండా వైపు తిప్పుకుంది. వరండాలో ఎవరో తోసుకెళ్తున్న బండి చక్రాల చప్పుడు దగ్గరికొచ్చి, దాటి, దూరమైంది.

“వదినా, నా మొహం చూసి చెప్పు.”

“పోల్చి చూడ్డానికి కంపెనీ నుంచి తెప్పించిన ఎంజైమ్ సీసా ఉండేది కదా, ఫ్రిజ్‌లో,” అంది వదిన. “అది కలిపాను.”

“ఎంత?”

“ఉన్నదంతా.”

తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. తెలియక చేసిందాన్ని నలుగురిలో ఒప్పుకుని తల దించుకోవచ్చు. ఇది తెలియక చేసింది కాదు.

“నీకు తెలుసన్నమాట. ఇది చచ్చుబడిందని నీకు అప్పుడే తెలుసు.”

“ఫ్రీజర్ సర్దాక, నువ్వింకా ఆసుపత్రిలో ఉండగానే ఒక రోజు రంగు పోసి చూశాను. ఆ ఒక్కసారే చూశాను. అప్పుడు తెలిసింది.” వదిన గొంతు పెద్దది చేయలేదు. బాగా అలిసిపోయినవాళ్ళు లెక్క అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. “ఎందుకైందో తెలీలేదు. గ్లూకోజ్ వల్లనీ, చుక్కల వల్లనీ నువ్విప్పుడు చెప్తేనే తెలిసింది. ఏదో పొరపాటు చేశానని మాత్రం అర్థమైంది. పెద్దసారుతో చెప్దామని ఆయన గది దాకా వెళ్ళాను కూడా.”

“చెప్పలేదెందుకు?”

“నువ్వు బతుకుతావో లేదో తెలీని రోజులవి. నీకెవరూ చెప్పలేదులే. డాక్టరు మీ అన్నయ్యని పక్కకి పిలిచి, ఎవరికైనా కబురు పెట్టాలంటే పెట్టుకోమన్నాడు. ఆ మనిషి మెట్ల మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నువ్వేమో స్పృహ వస్తే చాలు, మొండిది ఎలా ఉంది అని అడిగేదానివి. అమ్మని అడగలేదు, అన్నయ్యని అడగలేదు. దాన్ని అడిగావు. బ్రహ్మాండంగా ఉంది అని చెప్పాను. ఆ మాట వింటే చాలు, రెండు చెంచాలు ఎక్కువ తాగేదానివి. ఇంకేం చెప్పమంటావు నన్ను?”

“ఇంటికొచ్చాకైనా...”

“ఇంటికొచ్చాక ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. నీకు కాస్త ఒంట్లో ఓపిక రానీ అనుకున్నాను. ఈలోపు మిల్లువాళ్ళు నమూనా కావాలన్నారు. లేదంటే ఎందుకు లేదో చెప్పాలి. కలిపేశాను. వాళ్ళు అంత సంబరపడతారనీ, ఏకంగా ట్యాంకు తెరుస్తారనీ నేను కలగన్నానా?”

చిన్నమేడంకి కోపం వచ్చింది. ఇందాక రానిది ఇప్పుడు వచ్చింది. దాంతోపాటే, తన కోసం ఈ మనిషి ఇన్నాళ్ళూ లోలోపల ఎంత నలిగి ఉంటుందో అన్న బాధ కూడా వచ్చింది. వదిన చెయ్యి అందుకుని గట్టిగా నొక్కింది. నొక్కింది ప్రేమతోనో, గిచ్చాలనో ఆమెకే తెలీదు. వదిన చెయ్యి లాక్కోలేదు.

“ఈ సంగతి బయటపడితే నిన్ను ఉంచరు,” అంది చిన్నమేడం.

“తెలుసు.”

“మిల్లువాళ్ళని మోసం చేశామంటారు. నిన్నొక్కదాన్నే కాదు, అందరినీ అంటారు.”

“నేనొక్కదాన్నే చేశానని చెప్తాను. నువ్వు మంచంలో ఉన్నావు, నీకేం సంబంధం?”

“ఎవరు నమ్ముతారు? ఒకే ఇంట్లో ఒకే అన్నం తింటున్నాం.”

వదిన ఏదో జ్ఞాపకం వచ్చినట్టు తలెత్తింది. “అమ్మాయ్, కింద చల్లగదిలో ఒక మూట ఉండాలి. నువ్వు జబ్బుపడ్డ కొత్తలోని పళ్ళేలు. ఉడకబెట్టే మిషను అప్పట్లో పాడైతే కట్టి పక్కన పెట్టాను. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.”

“గ్లూకోజ్ వేయకముందువా?”

“ఒకటో రెండో అప్పటివే ఉంటాయి. ఎండిపోయాయో, బూజు పట్టాయో చెప్పలేను.”

చిన్నమేడం లేచి నిలబడింది. ఎండిపోతే పోనీ. ఆ పళ్ళేల్లో ఎక్కడో ఒక మూల, ఎవరూ ఏరుకోని బక్కచుక్క ఒక్కటి ప్రాణాలతో ఉంటే చాలు. దాన్ని తీసుకుని పెద్దసారు ముందు నిలబడి, ఇదిగో అసలుది, నెల రోజుల గడువు ఇవ్వండి అని అడగొచ్చు. ఉత్త చేతులతో వెళ్ళి నిజం చెప్తే వదిన ఉద్యోగం పోతుంది, మొండిదీ పోతుంది. చేతిలో చుక్క ఉంటే కనీసం ఒకటి మిగులుతుంది. వెతకడానికి ఈ సాయంత్రం ఒక్కటి దొరికితే చాలు.

“పద,” అంది. ఇద్దరూ మెట్ల దాకా వచ్చేసరికి పెద్దసారు పైకి వస్తూ ఎదురయ్యారు.

పెద్దసారు లిఫ్టు ఉన్నా మెట్లే ఎక్కుతారు. ఎక్కాక మోకాలు పట్టుకుని కాసేపు నిలబడతారు. ఇవాళా నిలబడ్డారు. ఈ విభాగాన్ని మూయనివ్వకుండా పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడుతున్నది ఆయనే. మొహంలో నిద్ర లేదు.

“ఏమ్మా, మొదటి రోజే ఇంతసేపా? మనిషివి సగమైపోయావు,” అన్నారు. “అది సరే గాని, నిన్ను ఒకటి అడగాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ మొండిది సిద్ధంగా ఉందా?”

వదిన గోడకి ఆనుకుంది. ఆమె పెదవి కదలడం చిన్నమేడం చూసింది. చెప్పేస్తుంది. ఇక్కడే, ఈ మెట్ల మీదే, అన్నీ తన నెత్తినేసుకుని చెప్పేస్తుంది. చిన్నమేడంకి ఆలోచించడానికి వ్యవధి లేదు. పనిలో ఇన్నేళ్ళుగా ఒక్క అంకె కూడా మార్చి రాయని మనిషి, పెద్దసారు కళ్ళలోకి చూస్తూనే అంది:

“సిద్ధంగానే ఉంది సార్.”

ఆయన మొహం తేటపడింది. ఇన్నాళ్ళ బరువు ఎవరో దించినట్టు గట్టిగా ఊపిరి వదిలారు.

“బతికించావు తల్లీ. ఇంకో నెల ఆగుదామా అని అడగడానికే పైకొచ్చాను. నీ ఒళ్ళు బాగాలేదు, నువ్వు లేని సమయంలో పెంచినది, తొందరెందుకు, నువ్వు కొంచెం వెనకాముందూ ఆడినా ఆపేద్దాం, మిల్లువాళ్ళకి నేను నచ్చజెప్పుకుంటాను అనుకున్నాను. ముందే ఓ మాట అడిగి చూస్తే వాళ్ళూ సరేనన్నారు. కానీ నువ్వే స్వయంగా చూసి సిద్ధం అంటుంటే ఇంక ఆగడమెందుకు?”

చిన్నమేడం నోరు తెరిచింది. ఆయన అప్పటికే జేబులోంచి ఫోన్ తీసి చెవికి ఆనించుకున్నారు.

“ఆఁ, నేనే. క్యాన్లు బండిలోకి ఎక్కించారు కదా? బయల్దేరమను. రేపటిదాకా ఎందుకు, ట్యాంకు ఖాళీగానే ఉందిగా. ఇప్పుడే పోసేద్దాం. మేడం కూడా వస్తున్నారు.”